హిచ్ బిగించడం ఒక పూట పని, కారు లాగే బరువు వేరే లెక్క

అమెరికాలో ఎండాకాలం వచ్చిందంటే మనవాళ్ల ఇళ్లలో ఒక చర్చ మొదలవుతుంది. ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చారు, కారులో అయిదుగురం అయ్యాం, నేషనల్ పార్కులు చూపించాలి, మరి సామాన్లు ఎక్కడ పెట్టాలి? లేదా పిల్లలకి సైకిళ్లు కొన్నాం, వాటిని ట్రెయిల్ దాకా ఎలా తీసుకెళ్లాలి? ఒకాయన "వెనక హిచ్ పెట్టుకో, ఇంట్లోనే రెండు గంటల పని" అంటాడు. ఇంకొకాయన "చిన్న కారుకి హిచ్ ఏంటి, వారంటీ పోతుంది" అని భయపెడతాడు. మూడో ఆయన తను కొన్న హిచ్ మీద 3,500 పౌండ్లు అని రాసి ఉన్న స్టిక్కరు చూపించి "ఇంకేం కావాలి" అంటాడు. ముగ్గురి మాటల్లోనూ కొంత నిజం ఉంది. అయితే ముగ్గురూ మాట్లాడేది ఒకే విషయం గురించి కాదు.

హిచ్ అంటే కారులో ఏ భాగం?

మన ఊళ్లలో ట్రైలర్ అంటే ట్రాక్టరు వెనక తగిలించే ట్రక్కే. ట్రాక్టరు వెనకున్న ఇనుప పట్టీకి ట్రక్కు కొన ఆనించి, పైనుంచి పిన్ను దించితే సరిపోతుంది. ట్రాక్టరు పుట్టిందే లాగడానికి. హోండా సీఆర్-వీ, టయోటా ర్యావ్4, సుబారు ఫారెస్టర్ లాంటి చిన్న ఎస్‌యూవీలు అలా పుట్టలేదు. వీటికి లారీకి ఉన్నట్టు కింద విడిగా ఛాసిస్ ఉండదు. రేకుల్ని అచ్చుల్లో నొక్కి, వెల్డింగ్ చేసి, బాడీనే ఛాసిస్‌గా మలుస్తారు. డిక్కీ నేల కింద అటొకటి ఇటొకటి పెట్టెలా మూసిన రెండు ఇనుప దూలాలు ఉంటాయి. హిచ్ అంటే ఆ రెండిటికీ బోల్టులతో పట్టే అడ్డకమ్మీ, దాని మధ్యలో వెనక్కి నోరు తెరుచుకుని ఉండే చదరపు గొట్టం. ఆ గొట్టానికే రిసీవర్ అని పేరు.

రిసీవర్‌లోకి ఏది దూర్చి పిన్ను పెడితే అదే దాని పని. ట్రైలర్ కొన కూర్చునే ఇనుప గుండు (బాల్) ఉన్న బాల్ మౌంట్ పెడితే ట్రైలర్ లాగుతుంది, ర్యాక్ పెడితే సైకిళ్లు మోస్తుంది, తట్టలాంటి కార్గో క్యారియర్ పెడితే సామాన్లు మోస్తుంది. మనవాళ్లలో హిచ్ పెట్టించుకునేవాళ్లు చాలామంది జీవితంలో ట్రైలర్ లాగరు. లెక్క తప్పేది కూడా ఎక్కువగా ఇక్కడే. ఆ సంగతికి తర్వాత వద్దాం.

గొట్టం నోరు చిన్న కార్లకి రెండు కొలతల్లో దొరుకుతుంది: ఒకటింబావు అంగుళం, రెండు అంగుళాలు. దీంతోపాటు క్లాస్ అని ఒక అంకె వినిపిస్తుంది. క్లాస్ 1 హిచ్ 2,000 పౌండ్ల ట్రైలర్ దాకా, క్లాస్ 2 హిచ్ 3,500 దాకా తట్టుకుంటాయి. క్లాస్ 3 ఇంకా పైకి పోతుంది, దాని నోరు రెండు అంగుళాలు.

స్టిక్కరు మీది అంకె ఇనుముది, కారుది కాదు

3,500 పౌండ్లు అన్న స్టిక్కరు అబద్ధం చెప్పడం లేదు. ఆ ఇనుప కమ్మీ అంత బరువుకి వంగదు, విరగదు అని చెబుతోంది, అంతే. దాన్ని పట్టుకుని ఉన్న కారు ఇంజన్, గేర్‌బాక్స్, బ్రేకులు, వెనక స్ప్రింగులు ఎంతకి తయారయ్యాయో దానికి తెలీదు. ఆ సంగతి కారుతోపాటు వచ్చిన ఓనర్స్ మాన్యువల్‌లో ఉంటుంది. అమెరికాలో అమ్మే పెట్రోలు సీఆర్-వీకి 1,500 పౌండ్లు, అంటే 680 కిలోలు. 2023లో వచ్చిన కొత్త తరం సీఆర్-వీ హైబ్రిడ్‌కి 1,000 పౌండ్లే. బాల్‌కి ఒక అంకె, బాల్ మౌంట్‌కి ఒకటి, హిచ్‌కి ఒకటి, కారుకి ఒకటి ఉంటాయి. అన్నిటిలోకీ చిన్నది ఏదో అదే చెల్లుతుంది.

ర్యావ్4 చూస్తే ఇది ఇంకా బాగా అర్థమవుతుంది. 2019లో వచ్చిన మోడల్‌లో మామూలు పెట్రోలు రకానికి 1,500 పౌండ్లు, అదే 2.5 లీటర్ల ఇంజన్ ఉన్న అడ్వెంచర్ రకానికి 3,500 పౌండ్లు. రెండిటికీ అదే హిచ్ బిగించుకోవచ్చు. ముఖ్యమైన తేడా ఇంజన్, గేర్‌బాక్స్ వేడిని బయటికి పంపే ఏర్పాటులో ఉంది. మామూలు రకానికి పెద్ద హిచ్ పెట్టినంత మాత్రాన అది అడ్వెంచర్ అయిపోదు.

వేడి ఎందుకంత ముఖ్యం? ఈ అంకెల్ని తేల్చడానికి ఎస్‌ఏఈ అనే ఇంజనీర్ల సంఘం పెట్టిన పద్ధతికి ఎస్‌ఏఈ జే2807 అని పేరు. టయోటా 2011 మోడళ్ల నుంచి దీన్ని పాటించడం మొదలుపెట్టింది. ఇందులో ఒక పరీక్షకి అరిజోనాలో బుల్‌హెడ్ సిటీ దగ్గర, డేవిస్ డ్యామ్ పక్కనుంచి పైకెక్కే రోడ్డే కొలబద్ద. 11.4 మైళ్ల ఎక్కుడు, బయట 100 డిగ్రీల ఫారన్‌హీట్ ఎండ, లోపల ఏసీ పూర్తిగా వేసి ఉండాలి. ఇంత బరువు లాగుతూ వేగం గంటకి 40 మైళ్లకి తగ్గకూడదు, బండి ఏ వార్నింగూ చూపించకూడదు. మన సమతల రోడ్ల మీద "నేను 2,500 లాగాను, ఏమీ కాలేదు" అన్నవాళ్ల మాట నిజమే కావచ్చు. గేర్‌బాక్స్ ఆయిల్ కాగిపోయేది కొండ ఎక్కేటప్పుడే, ఆ నష్టం కూడా అదే రోజు కనపడదు.

యూరప్‌లో అదే కారు ఎక్కువెలా లాగుతుంది?

ఇక్కడ గట్టి వాదన ఒకటి ఎదురవుతుంది. 2019లో వచ్చిన తరం ర్యావ్4 హైబ్రిడ్‌కి అమెరికాలో 1,750 పౌండ్లు. యూరప్‌లో అదే కారు ఆల్ వీల్ డ్రైవ్ రకానికి 1,650. తేడా లేదే అనిపిస్తుంది, కానీ అవి కిలోలు! పౌండ్లలో 3,600 పైమాటే. కాబట్టి అమెరికాలో కంపెనీలు కావాలనే అంకె తగ్గిస్తాయి, పట్టించుకోనక్కర్లేదు అని కొందరంటారు.

రెండోవైపు కూడా వినాలి. యూరప్‌లో ఆ 1,650 కిలోలు సొంత బ్రేకులున్న ట్రైలర్‌కి మాత్రమే. బ్రేకులు లేని ట్రైలర్‌కి గరిష్ఠం 750 కిలోలు, అంటే దాదాపు అమెరికా అంకె దగ్గరికే వచ్చాం. జర్మనీలో ట్రైలర్ తగిలిస్తే మామూలుగా గంటకి 80 కిలోమీటర్లు దాటకూడదు, 100 వెళ్లాలంటే విడిగా అనుమతి కావాలి. టెక్సస్ హైవేల మీద 75 మైళ్ల వేగంతో, అంటే 120 కిలోమీటర్లతో, ట్రైలర్లు దూసుకుపోతుంటాయి. అమెరికాలో బ్రేకుల నియమం రాష్ట్రానికో రకం. కాలిఫోర్నియాలో క్యాంపింగ్ ట్రైలర్ 1,500 పౌండ్లు చేరితే దానికి బ్రేకులుండాలి, ఏ ట్రైలర్ లాగినా వేగం 55 మైళ్లు దాటకూడదు. చాలా రాష్ట్రాల్లో 3,000 దాకా బ్రేకులు అడగరు. అంటే కారు అదే అయినా దాన్ని వాడే తీరు అదే కాదు. యూరప్ అంకె కావాలంటే యూరప్ వేగం, యూరప్ బ్రేకులు కూడా తెచ్చుకోవాలి కదా. ఇక్కడ ఏదైనా జరిగితే ఇన్సూరెన్స్ కంపెనీ చూసేది ఇక్కడి మాన్యువల్‌నే.

టంగ్ వెయిట్: ఎడ్లబండి ఎక్కినవాళ్లకి తెలిసిన లెక్క

రెండెడ్ల బండి మీద ధాన్యం బస్తాలు వేసేటప్పుడు పెద్దవాళ్లు "వెనక్కి మొగ్గుతోంది, రెండు ముందుకి జరపరా" అని అరవడం గుర్తుందా? బరువు ఇరుసుకి వెనక పడితే కాడి పైకి లేచి, మెడకున్న పట్టీ ఎద్దు గొంతు నొక్కుతుంది. మరీ ముందుకి పడితే కాడి మెడల మీద కూర్చుని ఎడ్లు అడుగు వెయ్యలేవు. కొంచెం ముందు మొగ్గు ఉండాలి, అంతే.

ట్రైలర్ ముందు కొన కారు బాల్ మీద కిందికి మోపే బరువే టంగ్ వెయిట్. అది ట్రైలర్ మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం ఉండాలని అమెరికాలో పాటించే లెక్క. తక్కువైతే వేగంలో ట్రైలర్ తోక ఊపడం మొదలెడుతుంది, అది పెరిగిపోతే కారుని కూడా లాక్కుపోతుంది. ఎక్కువైతే కారు వెనక కుంగి, ముందు చక్రాలకి పట్టు తగ్గుతుంది. ముందు చక్రాలే లాగే కారుకి ఇది మరీ ఇబ్బంది.

1,500 పౌండ్ల సీఆర్-వీకి టంగ్ వెయిట్ పరిమితి 150 పౌండ్లు. 1,500లో 10 శాతమే 150. అంటే పూర్తి బరువు లాగితే అటూ ఇటూ జరగడానికి చోటే లేదు: ఒక అట్టపెట్టె ముందుకి జరిగితే పరిమితి దాటుతుంది, వెనక్కి జరిగితే ట్రైలర్ ఊగుతుంది. అదే 1,300 పౌండ్ల ట్రైలర్ అయితే 130 నుంచి 150 దాకా ఊపిరి పీల్చుకునే సందు దొరుకుతుంది. అపార్ట్‌మెంట్ మారుతూ చిన్న మూత ట్రైలర్ అద్దెకి తెచ్చాం, ఖాళీది 850 పౌండ్లు ఉందనుకుందాం. 1,300లో 850 పోతే సామానుకి మిగిలింది 450 పౌండ్లు, సుమారు 200 కిలోలు. హైబ్రిడ్ సీఆర్-వీకైతే 1,000లో 850 పోగా 150. ఆ ట్రైలర్‌లో పరుపులూ దిండ్లూ వేసుకోవచ్చేమో.

అమ్మానాన్నలూ ఒక సూట్‌కేసూ

డ్రైవర్ తలుపు తెరిస్తే పక్క స్తంభం మీద పసుపు గుర్తున్న స్టిక్కరు కనిపిస్తుంది. మనుషులూ సామాన్లూ అన్నీ కలిపి ఇన్ని పౌండ్లు దాటకూడదని దాని మీద ఉంటుంది. చిన్న ఎస్‌యూవీల్లో అది సాధారణంగా 850 నుంచి 1,000 మధ్య. 900 అనుకుని లెక్కేద్దాం. అయిదుగురు మనుషులు, చిన్నా పెద్దా కలిపి సగటున 150 చొప్పున 750. మిగిలింది 150. హిచ్ ఇనుము బరువే ఒక 35, ఇక మిగిలింది 115. కార్గో క్యారియర్ తట్ట 50. చేతిలో ఉన్నది 65 పౌండ్లు.

విమానంలో చెక్-ఇన్ సూట్‌కేసు 50 పౌండ్లని మనలో తెలియనిదెవరికి! ఒక్క సూట్‌కేసూ, ఒక రైస్ కుక్కరూ, ఆవకాయ సీసా పెట్టేసరికి లెక్క ముగిసింది. డిక్కీలో పెట్టేవి కూడా ఇందులోకే వస్తాయి. ఆ క్యారియర్ తట్ట మీద మాత్రం 500 పౌండ్లు మోస్తానని రాసి ఉంటుంది. అది కూడా ఇనుము మాటే. హిచ్ చోటు ఇస్తుంది కానీ బరువు ఇవ్వదు. సామాన్లు తేలిగ్గా ఉండి చోటు చాలనప్పుడు క్యారియర్ బ్రహ్మాండంగా పనికొస్తుంది, బరువే సమస్య అయినప్పుడు మాత్రం కాదు.

సైకిళ్ల లెక్కలో ఇంకో మెలిక ఉంది. నాలుగు సైకిళ్ల ర్యాక్ 65 పౌండ్లు, ఒక్కో సైకిలు 30 చొప్పున 120, మొత్తం 185. 150 పౌండ్ల టంగ్ వెయిట్ పరిమితి ఇప్పటికే దాటాం. రెండు ఈ-బైకులు ఒక్కోటి 60 అనుకుంటే, 50 పౌండ్ల ర్యాకుతో 170. మెలిక అది కాదు. ట్రైలర్ బాల్ రిసీవర్ పిన్నుకి సుమారు 10 అంగుళాల దూరంలో ఉంటుంది. 150 పౌండ్లని 10తో హెచ్చిస్తే 1,500. సైకిళ్ల బరువు మధ్యబిందువు 27 అంగుళాల దూరంలో ఉంటే 100 పౌండ్లకే 2,700. తక్కువ బరువే అయినా హిచ్‌ని మెలిపెట్టే శక్తి దాదాపు రెట్టింపు. నిండు బకెట్‌ని ఒంటికి ఆనించి మోయడానికీ, చెయ్యి చాచి పట్టుకోవడానికీ ఉన్న తేడా ఇదే. పైగా ట్రైలర్‌కి సొంత చక్రాలున్నాయి. ర్యాక్ ప్రతి గుంతకీ ఎగిరి హిచ్ మీదే పడుతుంది. అందుకే కొన్ని హిచ్‌ల కాగితాల్లో ట్రైలర్‌కి ఒక అంకె, ర్యాక్‌కి దానికన్నా తక్కువ అంకె విడిగా ఇస్తారు.

ఒకటింబావు నోరా, రెండంగుళాల నోరా అన్న వాదన కూడా ర్యాకుల వల్లే వచ్చింది. నాలుగు సైకిళ్ల ర్యాకులు ఎక్కువగా రెండంగుళాల వాటికే దొరుకుతాయి, గొట్టం లావు కాబట్టి ఊగడం కూడా తక్కువ. చిన్న కారుకి పెద్ద నోరు పెడితే మనిషికి అత్యాశ పుడుతుందని వ్యతిరేకించేవాళ్లు అంటారు. నా మొగ్గు రెండంగుళాల వైపే. ఆశని అదుపులో పెట్టే పని గొట్టానిది కాదు.

కారు కింద జరిగేది ఏమిటి?

ఇంట్లో బిగించడం ఎంత కష్టమన్నది మూడు విషయాల మీద ఆధారపడుతుంది: బోల్టు ఎక్కడికి వెళ్లాలి, దారికి అడ్డం ఏముంది, తుప్పు ఎంతుంది.

కొన్ని కార్లలో దూలానికి లోపలి వైపు నట్లు ఫ్యాక్టరీలోనే వెల్డింగ్ చేసి ఉంటాయి. హిచ్‌ని పైకెత్తి బోల్టులు తిప్పడమే. మరికొన్నిట్లో ఉత్త రంధ్రాలే ఉంటాయి, బోల్టు లోపలినుంచి బయటికి రావాలి. దూలం మూసిన పెట్టె, చెయ్యి దూరదు. అందుకే హిచ్‌తోపాటు చుట్టలా ఉన్న తీగ ఒకటి ఇస్తారు. లంగాకి బొందు ఎక్కించడానికి పిన్నీసు కట్టి నేఫాలో తోసినట్టే, పక్కనున్న పెద్ద రంధ్రంలోంచి తీగని పంపి, బోల్టు కావాల్సిన చోటికి లాగుతారు. తీగ జారితే బోల్టు లోపల పడిపోతుంది. మా కారులో ఒకటి అలాగే పడింది, గట్టి మలుపులో ఇప్పటికీ గలగలమని పలకరిస్తుంది. ఇంకొన్ని కార్లలో బంపర్ కవరే మొత్తం ఊడదియ్యాలి. అదే రెండు గంటల పనికీ రోజంతా పట్టే పనికీ తేడా.

దారికి అడ్డం సాధారణంగా సైలెన్సర్. అది రబ్బరు చెవులకి వేలాడుతుంటుంది. రబ్బరుకి సిలికాన్ స్ప్రే కొట్టి జారిస్తే అర అడుగు కిందికి దిగుతుంది. కింద ఆసరా లేకుండా వదిలేస్తే ముందున్న గొట్టం మీద బరువంతా పడుతుంది. అడుగున ఉండే ప్లాస్టిక్ రేకుని కొద్దిగా కొయ్యాల్సి రావచ్చు.

తుప్పు మాత్రం పూర్తిగా ఊరిని బట్టి. టెక్సస్, కాలిఫోర్నియా కార్లలో మరలు శుభ్రంగా ఉంటాయి. మిషిగన్, న్యూజెర్సీ కార్లు చలికాలమంతా రోడ్ల మీద చల్లిన ఉప్పు తిని ఉంటాయి. తుప్పు పట్టిన నట్టులోకి బోల్టుని బలవంతంగా తిప్పితే వెల్డింగ్ ఊడి, పెట్టె లోపల నట్టు బోల్టుతోపాటే గిరగిరా తిరుగుతుంది. అక్కడితో ఇంటి పని ఆగి, దూలం కోయాల్సిన షాపు పని మొదలవుతుంది.

చివరి బిగింపు ఎందుకు కొలిచి బిగించాలంటే, హిచ్‌ని పట్టి ఉంచేది బోల్టు కాడ అడ్డంపడటం కాదు. బోల్టు కాస్త సాగి, రబ్బరు బ్యాండులా రెండు ఇనుపముక్కల్ని ఒకదానికొకటి అదుముతుంది. ఆ రాపిడే బరువుని మోస్తుంది. తక్కువ బిగిస్తే జాయింటు కదిలి రంధ్రాలు అరుగుతాయి, ఎక్కువైతే బోల్టు తిరిగి రాని విధంగా సాగిపోతుంది. కాగితంలో 75 అడుగు-పౌండ్లు అని ఉందనుకుంటే, అడుగున్నర పొడవున్న రెంచి చివర 50 పౌండ్ల బలం పెట్టాలని అర్థం, అంటే దాదాపు 23 కిలోలు. వెల్లకిలా పడుకుని అంత బలం అందాజుగా పెట్టడం ఎవరి తరమూ కాదు. ఎంత బలం పడుతోందో కొలిచే టార్క్ రెంచి ఉండేది అందుకే.

లైట్ల తీగలు: తేలిక అనుకుని తప్పు చేసే చోటు

సైకిల్ ర్యాకుకి ఇది సాధారణంగా అక్కర్లేదు, ట్రైలర్‌కి తప్పదు. నాలుగు తీగల ప్లగ్గులో తెలుపు ఎర్త్, గోధుమరంగు వెనక దీపాలకి, పసుపు ఎడమ, ఆకుపచ్చ కుడి. ఎడమా కుడీ అంటే ఇండికేటర్ ఒక్కటే కాదు, బ్రేకు దీపం కూడా అదే బల్బు. అమెరికా ట్రైలర్లలో రెండు పనులూ ఒకే బల్బు చేస్తుంది. మన జపాన్ కార్లలో చాలావాటికి ఇండికేటర్ పసుపు బల్బు వేరు, బ్రేకు ఎర్ర బల్బు వేరు. రెండు తీగల్నీ తెచ్చి పసుపు తీగకి కలిపేస్తే, రెండు కాలువలకి గండికొట్టి కలిపినట్టే: బ్రేకు వేస్తే ఇండికేటర్లు వెలుగుతాయి. మధ్యలో కన్వర్టర్ అనే చిన్న డబ్బా పెట్టేది అందుకే. కొత్త కార్లలో కంప్యూటర్ ప్రతి బల్బుకీ ఎంత కరెంటు పోతోందో గమనిస్తుంటుంది కాబట్టి, ఈ డబ్బా కారు తీగల నుంచి సంకేతం మాత్రం తీసుకుని, వెలిగించే కరెంటుని ఫ్యూజు ద్వారా నేరుగా బ్యాటరీ నుంచి లాక్కుంటుంది. ట్రైలర్ లైట్లు మసకగా, పొంతన లేకుండా వెలిగితే మెకానిక్ ముందు చూసేది తెల్ల తీగనే.

ఇల్లా, షాపా, డీలరా? వారంటీ మాటేమిటి?

హిచ్ ధర సుమారు 200 నుంచి 300 డాలర్లు. షాపు కూలి కారుని బట్టి ఇంకో 150 నుంచి 400. డీలర్ దగ్గర కంపెనీ హిచ్ పెట్టిస్తే మొత్తం తేలిగ్గా 800 దాటొచ్చు. నట్లు వెల్డింగ్ చేసి ఉన్న, తుప్పు లేని కారుకి ఇంట్లో బిగించడంలో పెద్ద ప్రమాదం లేదు, ఇంకో మనిషి తోడుంటే చాలు. బంపర్ ఊడదీసే కారుకి మిగిలే డబ్బు, పడే టెన్షన్ రెండూ చూసుకుంటే షాపు వాదనకే బలం ఎక్కువ.

బయటి హిచ్ పెడితే వారంటీ మొత్తం పోతుందన్న మాటకి 1975 నాటి మాగ్నసన్-మాస్ చట్టం అడ్డం పడుతుంది. బయటి భాగం వాడారన్న ఒక్క కారణంతో కంపెనీ వారంటీ నిరాకరించకూడదు, ఆ భాగం వల్లే చెడిపోయిందని చూపించాలి. డీలర్ భయానికీ ఆధారం లేకపోలేదు. తీగలు కోసి అతికించిన చోటే ఎలక్ట్రికల్ సమస్య వస్తే, లేదా 1,500 పౌండ్ల కారుతో 3,000 లాగి గేర్‌బాక్స్ కాల్చుకుంటే, ఆ చూపించడం వాళ్లకి కష్టమేమీ కాదు. లీజు కారు అయితే కథ వేరే, కాంట్రాక్టులో మార్పుల గురించి ఏముందో అదే చెల్లుతుంది.

హైదరాబాద్‌లో ఉండి ఇది చదివేవాళ్లకి ఒక మాట: మన దగ్గర మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షన్, కంపెనీ ఇచ్చిన వివరాలకి భిన్నంగా బండిని మార్చడాన్ని కట్టడి చేస్తుంది. అమెరికాలోలా ఆన్‌లైన్‌లో కొని గరాజ్‌లో బిగించుకునే వ్యవహారం కాదు.

ర్యాక్ ఎక్కాక వెనక మారేవి

రివర్స్ సెన్సార్లకి ర్యాక్ గోడలా కనిపించి కారు ఆగకుండా కూస్తుంది, కెమెరాలో సగం సైకిలు చక్రమే. బంపర్ కింద కాలు ఊపితే తెరుచుకునే డిక్కీ ఉన్న కార్లలో, హిచ్ ఇనుము ఆ సెన్సార్‌కి అడ్డొచ్చి కాలు ఎంత ఊపినా తలుపు పలకకపోవచ్చు. నంబరు ప్లేటు కనపడకపోతే చాలా రాష్ట్రాల్లో పోలీసులు ఆపొచ్చు. పని లేని రోజుల్లో బాల్ మౌంట్‌ని రిసీవర్‌లోనే వదిలేస్తే, పార్కింగ్‌లో కారు వెనకనుంచి నడిచే ప్రతి మనిషి మోకాలి కింద ఎముకకీ అది సరిగ్గా సరిపోయే ఎత్తులో ఉంటుంది. నాకు రెండుసార్లు తగిలింది, రెండుసార్లూ సొంత కారుదే.